మూగజీవుల హక్కు

ధార్మిక సోదరులారా! మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దేశదేశాల భవనాలకు శోభనిస్తున్నది. మనలో అనేకులకు అన్నం పెడుతున్నదీ ఆ రాయే. కాని దానిని తీసిన చోట లోతైన గుంతలు, వ్యర్థశిలల గుట్టలు మిగిలాయి. ఈ నేల మన సొత్తు కాదు. అల్లాహ్ మనకప్పగించిన అమానత్.

బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీరు తెచ్చి, దప్పిగొన్న కుక్కకు త్రాగించిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని, పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఒక్క పిల్లి విషయంలోనే లెక్క అంత కఠినమైతే, పశువుల మేతనేలను గుంతలుగా విడిచిపెట్టిన మనం ప్రళయదినాన ఏమని బదులిస్తాము?

కనుక క్వారీ యజమానులు గుంతల చుట్టూ కంచె వేయించాలి. తక్కినవారం ఈ వేసవిలో ఇంటిముందు నీళ్ల తొట్టి ఉంచుదాము. అల్లాహ్ మనకు ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.