మీ బండి వెనుకవారికి కనబడుతోందా?

ఈరోజు బ్రేకు లైటు గురించి నాలుగు మాటలు చెబుతాను. నర్సుకు లైట్లతో ఏం పని అనుకోకండి. వెనుక నుంచి బండి గుద్దితే మెడ విసురుగా ఊగుతుంది. విరిగిన ఎముక అతుకుతుంది, తెగిన వెన్నుపాము అతకదు. అలా దెబ్బ తగిలినవారి మెడ కదపకుండా 108కి ఫోను చేయండి.

కొందరు కారుకు మూడో బ్రేకు లైటు, అది మిణుకుమిణుకుమనేలా ఒక చిన్న పరికరం పెట్టిస్తున్నారు. మూడో లైటు మంచిదే. అమెరికాలో 1986 మోడలు కార్ల నుంచి తప్పనిసరి చేశారు. ఎత్తులో ఉంటుంది గనుక మధ్యలో ఇంకో కారున్నా దాని అద్దాల్లోంచి ఆ వెనుకవారికీ కనబడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. అర సెకను ముందు చూసినా 8 మీటర్లు కలిసొస్తాయి.

మిణుకుమనడమే నాకు నచ్చదు. ఆగకుండా కొట్టుకుంటుంటే వెనుకవారు మలుపు సిగ్నలు అనుకుంటారు. నిలకడగా వెలిగే ఎర్ర లైటు చాలు. పెట్టించేముందు రవాణా ఆఫీసులో అడగండి. వైరును బ్రేకు స్విచ్చి నుంచే, ఫ్యూజుతో లాగించండి. వానకు అతుకులు తడవకూడదు.

అసలు ఉన్న రెండు లైట్లూ వెలుగుతున్నాయా? ఒకరు బ్రేకు తొక్కితే ఇంకొకరు వెనుక నిలబడి చూడండి.

మన కాలవగట్ల మీద, రావులపాలెం, తణుకు హైవే మీద చీకట్లో గడ్డి ట్రాక్టర్లు పోతుంటాయి. వేలాడే గడ్డి తొట్టి లైట్లను కప్పేస్తుంది. రైతు సోదరులారా, తొట్టి వెనుక ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కర్లు అంటించి, గడ్డిని వాటికి పైనే కత్తిరించి కట్టండి.