మిగిలిన రోజుల లెక్క

 

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల వెంట నడిస్తే అడుగడుగునా కోచింగ్ సెంటర్ల బోర్డులే. చైతన్యపురి, కొత్తపేట సందుల్లోని హాస్టల్ గదుల్లో మంచాన్ని ఆనుకుని మంచం, వాటి కింద సూట్‌కేసులు, గోడ మీద పరీక్షకు ఇంకెన్ని రోజులో రాసి అంటించిన కాగితం. ఇవాళ పట్టాలు పుచ్చుకున్న మీకు రోజులు లెక్కపెట్టడం కొత్తగా నేర్పక్కర్లేదు. బైబిల్లో మోషే పేరున ఉన్న 90వ కీర్తనలోనూ ఈ లెక్కే ఉంది. మనిషి ఆయుష్షు 70 ఏళ్లు, సత్తువుంటే 80 అని ఒప్పుకుని, ఆ రోజుల్ని లెక్కించడం నేర్పమని దేవుణ్ని వేడుకుంటుందది. గోడ మీది కాగితానికి రోజులు గడిచిపోతే చాలు. కీర్తనకారుడికి మాత్రం గడిచిన ప్రతి రోజూ తిరిగిరాని సొత్తు. నా బెంగంతా ఇక్కడే. ఉద్యోగం వచ్చాకే బతుకు మొదలవుతుందని మీలో చాలామంది నమ్ముతున్నారు. అమ్మతో నాలుగు మాటలు తర్వాత, ప్రార్థన తర్వాత, జ్వరంతో పడుకున్న స్నేహితుడికి ఇంత గంజి కాచివ్వడం కూడా తర్వాతే. ఎవరు చెప్పారు నాయనా మీకు, ఆ ‘తర్వాత’ మీ చేతిలో ఉందని?

2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో తెలంగాణ గ్రూప్-1 ఉద్యోగాల నోటిఫికేషన్ వచ్చింది. ప్రశ్నపత్రం లీకై ఒకసారి, కోర్టు తీర్పుతో మరోసారి ప్రిలిమ్స్ రద్దయ్యాయి. చివరికి 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషనే రద్దయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. అప్పటికి దాదాపు రెండేళ్లు గడిచిపోయాయి. ఆ రెండేళ్లూ బతుకులో భాగం కావా? ‘తర్వాత’ మన చేతిలో లేదనడానికి అంతకంటే కఠినమైన సాక్ష్యం 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాపు దగ్గర, బజ్జీల కొట్టు దగ్గర బాంబులు పేలి 15 మందికి పైగా పోయారు. వాళ్లలో చదువుకునే పిల్లలున్నారు. వాళ్ల బతుకులు అసంపూర్తిగా మిగిలాయని అంటాం. కానీ ఆ ఉదయం వాళ్లు ఎవరికి ఏ మేలు చేశారో అది అసంపూర్తి కాదు.

ఇల్లు గడవని వాళ్లకు ఈ మాటలు కడుపు నింపుతాయా అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఉద్యోగం వద్దని నేననను, అప్పులు తీర్చడం కూడా ప్రేమే. అయితే క్రీస్తు చెప్పిన ద్రాక్షతోట కథలో సాయంత్రం అయిదింటికి పనిలో చేరినవాడికీ పూర్తి కూలి దక్కింది. మన లేబర్ అడ్డాల మీద పొద్దెక్కినా పిలుపు రాని కూలీకి ఆ కథ ఎవరూ విడమర్చక్కర్లేదు. ఎవరూ పనికి పిలవనంత మాత్రాన మనిషి విలువ తగ్గదని దానర్థం. పిలుపు రాని ఏళ్లలో మిమ్మల్ని నిలబెట్టేది ఆ నమ్మకమే.

పరలోకం మీద ఆశ ఈ లోకాన్ని పట్టించుకోనివ్వదన్నది ఇంకో అభ్యంతరం. అలా తప్పించుకున్న విశ్వాసులు లేరనలేను. కానీ నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిని చూడండి. కుష్ఠురోగుల్ని ఊరవతలికి నెట్టేసే రోజుల్లో, స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో అక్కడ వాళ్లకోసం ఆసుపత్రి తెరిచారు. అందుకు విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. మంచితనం క్రైస్తవులకే సొంతమని చెప్పే హక్కు నాకు లేదు, మీలో అందరూ క్రైస్తవులు కారని కూడా తెలుసు. నేను చెప్పేదల్లా, నిత్యజీవాన్ని నమ్మిన ఆ డాక్టరమ్మ తన కొద్దిపాటి కాలాన్ని చిన్నచూపు చూడలేదని. 1932లో, అరవై నిండకుండానే ఆమె పోయారు. అప్పటికి కుష్ఠు లోకం నుంచి పోలేదు, ఆమె పని పూర్తికాలేదు. అయినా ఆ ఆసుపత్రిలో సూది వేయించుకుని, పుండు కట్టించుకుని, మనిషిలా పలకరింపు అందుకున్న రోగికి ఆ పూట పూర్తయింది.

ఈ రాత్రి మీరు హాస్టల్‌కు వెళ్లేసరికి, మళ్లీ లిస్టులో పేరు లేక పక్క మంచం కుర్రాడు దుప్పటి ముసుగేసుకుని ఉండొచ్చు. మీ పట్టా సూట్‌కేసులో పెట్టేముందు వాడు అన్నం తిన్నాడో లేదో అడగండి.