చర్చకు తలుపు తీయడం ఎట్లా?

(రామగిరిలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం "సమావేశాలలో సభ్యులను మాట్లాడించడం". వినగానే నాకు నవ్వు వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో "మాట్లాడొద్దండిరా" అని బెత్తం చూపించిన వాణ్ణి నేను. ఆ పాపానికి ఇప్పుడు అరవై దాటినవాళ్ళ చేత మాట్లాడించే పని నా నెత్తిన పడింది.

మన నెలవారీ సమావేశం ఎట్లా నడుస్తుందో మీకు తెలియనిది కాదు. ప్రార్థన అవుతుంది. దివంగతులైన సభ్యులకు రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం. నివేదిక, జమా ఖర్చులు, కొత్త జి.ఓ. చదవడం. తరువాత కార్యదర్శిగారు తల పైకెత్తి "ఎవరికైనా సందేహాలున్నాయా?" అంటారు. అప్పుడు ఇంకో రెండు నిమిషాల మౌనం. మొదటి మౌనం ఎవరికోసమో తెలుసు, రెండోది ఎవరికోసమో నాకు ఇన్నేళ్ళుగా అర్థం కాలేదు. ఆ తరువాత ఉగ్గాని, బజ్జీ పొట్లాలు చేతికి రాగానే వేపచెట్టు కింద గొంతులు లేస్తాయి. డి.ఎ. బకాయిలు, మోకాళ్ళ నొప్పులు, అల్లుళ్ళ సంగతులు, వానరాని చెనిక్కాయ పంట, అన్నీ అక్కడే. అంటే మనవాళ్ళకు మాటలు రాక కాదు. లోపల మనం తలుపు మూసి, బయట తెరుస్తున్నాం.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతైతే నేను ఈ ప్రసంగానికి ఒప్పుకునేవాణ్ణి కాను. మన సభ్యుడొకాయన, పేరు చెప్పను, ఒక్క సమావేశం కూడా తప్పకుండా వచ్చి వెనక వరుసలో కూర్చునేవాడు. పోయిన ఏడు కాలం చేశాడు. ఆయన పి.పి.ఓ.లో భార్య పేరు ఒక తీరుగా ఉంది, ఆధార్ కార్డులో ఇంకో తీరుగా ఉంది. ఆమె పుట్టిన తేదీ రాయవలసిన చోట ఖాళీ. కుటుంబ పెన్షన్ కోసం ఆ తల్లి నెలల తరబడి తిరిగింది. నేను ఆమె వెంట రెండుసార్లు పోయినాను. బస్సులో ఆమె అన్న మాట ఇది: "ఆయప్ప మీటింగులో అడగల్లనే అనుకున్న్యాడు సార్. పదిమందిలో అడిగితే ఇంత మాత్రం తెలీదా అంటారని ఊరకుండిపాయ." ఆయన బతికుండగా ఒక దరఖాస్తు, నాలుగు జిరాక్సులతో సరిపోయే పని అది. ఆయన అడగలేకపోయింది మన ముందే. మన గదిలోనే.

అందువల్ల తప్పు ఆయనదని నేను అనుకోను. "సందేహాలున్నాయా?" అన్న ప్రశ్నలోనే ఉంది తప్పు. సందేహం ఉందని చెప్పడమంటే నాకు తెలియదని నలుగురిలో ఒప్పుకోవడం. సర్వీసంతా "నీకీ మాత్రం తెలీదా?" అని అనిపించుకున్నవాడు, లేదా ఇంకొకరిని అన్నవాడు, రిటైరైన మర్నాడే ఆ పని చేయగలడా?

ప్రశ్న ఎట్లా వేయాలో నాకు మొదట నేర్పింది అక్షరాస్యత ఉద్యమం. 1990 దశకం మొదట్లో మాలో చాలామంది ఆ డ్యూటీ చేసినవాళ్ళమే. సాయంత్రం దీపం పెట్టుకుని ఆడవాళ్ళకు అక్షరాలు దిద్దించడం. నేను మొదట్లో "ఇది అ, ఇది ఆ" అని మొదలుపెట్టేవాణ్ణి. పగలంతా కలుపు తీసి వచ్చినవాళ్ళు కదా, సగంమంది కునికిపాట్లు పడేవారు. తరువాత శిక్షణలో చెప్పింది వేరు: ముందు బొమ్మ చూపించు, "ఈ బొమ్మలో ఏం జరుగుతా ఉంది?" అని అడుగు, వాళ్ళు మాట్లాడినాకే అక్షరం చెప్పు.

ఈ పద్ధతి మూలం బ్రెజిల్ దేశంలో ఉంది. పావులో ఫ్రెయిరె అనే విద్యావేత్త 1963లో అక్కడి ఆంజికోస్ అనే ఊళ్ళో సుమారు 300 మంది కూలీలకు చదువు చెప్పించారు. ఆయన వర్ణమాలతో మొదలుపెట్టలేదు. ఇటుక లాంటి, కూలివాడు రోజూ చేత్తో పట్టుకునే వస్తువు బొమ్మ ముందు పెట్టి మాట్లాడించేవారు. ఇటుక ఎవరు చేస్తారు, ఇల్లు ఎవరు కడతారు, కట్టినవాడికి ఇల్లుందా? ఆ మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నిద్రపోరు. మరుసటి సంవత్సరం అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి ఆయనను జైల్లో పెట్టింది. ప్రశ్నకు అంత బలం ఉంటుంది మరి!

మన రాష్ట్రంలోనే ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, సారాయి వల్ల కాపురం చెడిన ఇల్లాలి కథ. దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్ళు అక్షరాల దగ్గర ఆగలేదు. ఇది మన ఇంట్లోదే కదా అన్నారు. తమ ఊళ్ళో సారాయి అమ్మకం ఆపించారు. వర్ధినేని రోశమ్మగారి పేరు అప్పుడు రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట సంగతే తరువాతి వాచకంలో "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠమై జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చి, 1997లో సడలిపోయింది, అది వేరే కథ. నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ వాచకం "మద్యపానంపై మీ అభిప్రాయం ఏమిటి?" అని అడిగి ఉంటే, అందరూ "చెడ్డదండీ" అని కొంగు సర్దుకుని ఇంటికి పోయేవారు. అభిప్రాయం అడిగితే అందరూ మంచివాళ్ళైపోతారు. జరిగింది చెప్పమంటేనే మనిషి నోరు విప్పుతాడు.

ఇక మన పెన్షనర్ల విషయమే చూడండి. ప్రతి ఏటా డిసెంబరు 17న పెన్షనర్ల దినం జరుపుకుంటాం, నకారాగారి ఫోటోకు దండ వేస్తాం. 1982లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పెన్షన్ దయాభిక్ష కాదని చెప్పిన రోజు అది. కానీ ఆ కేసు "పెన్షనర్ల సంక్షేమం" వంటి పెద్ద మాటతో మొదలు కాలేదు. 1979 మార్చి 31 అనే ఒక్క తేదీ పట్టుకుని మొదలైంది. ఆ తేదీకి ఒక్కరోజు ముందు రిటైరైనవాడికి తక్కువ లెక్కా, తరువాత రిటైరైనవాడికి ఎక్కువ లెక్కా ఎందుకు? ఇద్దరూ చేసిన సర్వీసు ఒకటే కదా? ఇంత చిన్న ప్రశ్న. చిన్నది కాబట్టే ఎవరూ తప్పించుకోలేకపోయారు.

మన అవధానాల్లో సమస్య ఇచ్చే పృచ్ఛకుణ్ణి గమనించారా? తిరుపతి వేంకట కవుల పుణ్యమా అని ఊరూరా ప్రసిద్ధమైన విద్య అది. సమస్య ఇచ్చేవాడు పద్యం మొత్తం చదవడు. పొసగనట్టుండే ఒక్క పాదం ఇచ్చి ఊరుకుంటాడు. అది ఎట్లా కుదురుతుందా అని సభంతా ముందుకు వంగుతుంది. మన వక్తలు ఏం చేస్తారంటే, సమస్యా తామే ఇచ్చి, పూరణా తామే చెప్పి, చప్పట్లు కూడా తామే మొదలుపెడతారు. నేనూ ఆ కోవలోనివాణ్ణేనని మా ఇంట్లో ఆవిడ అంటుంది. అడిగిన తరువాత కాసేపు ఊరుకోవడం ఉంది చూశారూ, అది చాలా కష్టమైన పని. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టుకోండి. పదిహేను దగ్గర ఎవరో ఒకరు దగ్గుతారు. దగ్గినవాడు మాట్లాడతాడు.

ఈ ఊళ్ళో ఒకసారి పరీక్షించి చూశాను. రామగిరి బంగారు గని గురించి కుర్రవాళ్ళకు నాలుగు మాటలు చెప్పించాలని పెద్దలను కూర్చోబెట్టాం. "గని చరిత్ర చెప్పండి" అంటే "ఏముంది సార్, భారత్ గోల్డ్ మైన్స్ వాళ్ళు నడిపినారు, 2001లో ఆ కంపెనీ మూతపడింది" అని ఒక్క వాక్యంలో ముగించారు. అప్పుడు "మీ ఇంట్లో గనిలోకి మొదట దిగింది ఎవరు? ఇంటికొచ్చినాక ఏం చెప్పేవారు?" అని అడిగాను. గాలిమరల మీద పొద్దు వాలేదాకా ఎవరూ లేవలేదు.

ఇక అసలు చెప్పవలసింది, కొంతమందికి కష్టం కలిగించినా సరే. మన గదిలో కుర్చీలు ఇంకా సర్వీసులో ఉన్నాయి. తహసీల్దారుగా చేసినాయన ముందు వరుస, అటెండరుగా చేసినాయన గోడపక్కన. పెద్దసారు ముందు ఒక మాట అన్నాడంటే దాని తరువాత ఎవరు నోరెత్తుతారు? "సార్ చెప్పినట్టే" అంటారు. యూదుల పాత ధర్మశాస్త్రంలో ఒక నియమం ఉంది. మరణశిక్ష పడే కేసు విచారించేటప్పుడు న్యాయాధిపతులలో అందరికన్నా చిన్నవాడు ముందు తన మాట చెప్పాలి. పెద్దవాడు ముందు చెబితే చిన్నవాడు ఎదురు చెప్పలేడని ఆనాడే గుర్తించారు. మనం ప్రాణాలు తీసే కేసులు విచారించడం లేదు గానీ, ఆ తల్లి తిరిగిన నెలలు చూసినాక మనకూ ఆ నియమం అవసరమేనని నాకనిపించింది. గెజిటెడ్ హోదాలో చేసిన పెద్దలు నన్ను క్షమించాలి. మీకు తెలిసింది ఎక్కువ, అందుకే మీరు ఆఖరున చెప్పాలి. ఆడవాళ్ళ సంగతీ అంతే. కుటుంబ పెన్షనర్లైన అమ్మలు మన సభ్యత్వ పుస్తకంలో ఉన్నారు, మన చర్చలో లేరు. వాళ్ళను "మీరు కూడా మాట్లాడండమ్మా" అంటే తలవంచుకుంటారు. "మొదటి నెల పెన్షన్ చేతికొచ్చేదానికి ఎన్నిసార్లు పోయినావమ్మా?" అని అడగండి.

జిల్లాలు మారి 2022 ఏప్రిల్ నుంచి మనం శ్రీ సత్యసాయి జిల్లావాళ్ళమైనాం. ఎన్నో పనులకు అనంతపురం బదులు పుట్టపర్తి దారి పట్టాం. ఎవరు ఏ కాగితానికి ఎక్కడికి పోయారో ఒకరికొకరు చెప్పుకుంటే సగం చార్జీలు మిగులుతాయి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. వారి అనుమతితో ఈరోజు "సందేహాలున్నాయా?" అన్న మాట వద్దు. దానికి బదులు నేనొక ప్రశ్న వేసి కూర్చుంటాను. మీ పి.పి.ఓ. ఇంట్లో ఎక్కడ పెట్టారు? అది మీ ఆవిడకు, లేదా మీ ఆయనకు తెలుసునా? అందులో వాళ్ళ పేరు, పుట్టిన తేదీ ఎట్లా రాసి ఉన్నాయో చివరిసారి ఎప్పుడు చూసుకున్నారు?

గోడపక్కన కూర్చున్న అన్నా, మీతోనే మొదలు. నా సంగతి ఆఖరున చెబుతాను, నిన్న రాత్రి వెదికితే మాకూ దొరకలేదు.