పొదుపు సమావేశంలో మాటనేర్పు



ప్రపంచ బ్యాంకు సాయంతో 2000లో ‘వెలుగు’ పథకం మొదట ఆరు జిల్లాల్లో మొదలైంది. వాటిలో మన శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. ఈ పథకంలో పది, పదిహేను మంది మహిళలతో పొదుపు సంఘం, ఆపైన గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. సమావేశం, పొదుపు, అప్పులివ్వడం, వాయిదాలు కట్టడం, పుస్తకాలు రాయడం... ఈ ఐదూ క్రమం తప్పకుండా జరగాలన్నదే పంచసూత్రాల సారం.

డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. ఈ సమావేశాలు మాట్లాడటమూ నేర్పాయి. గుండ్రంగా కూర్చుంటే వెనక వరుస ఉండదు. అప్పు ముందు ఎవరికన్నది అందరి ఎదుటా తేలాలి. అడిగేవారు అవసరం చెప్పాలి, కాదనేవారు కారణం చెప్పాలి. చివర్లో తీర్మానం చదివి సంతకాలు చేయాలి.

మీ సంఘంలో ఒక ఆట ఆడి చూడండి. “సోమవారం పది గంటలకు పాసుపుస్తకం, ఆధార్ కార్డు పట్టుకుని మండల సమాఖ్యకు రావాలి” అని మొదటావిడ చెవిలో చెప్పండి. పదో ఆవిడ దాకా వెళ్లేసరికి రోజో, కాగితమో మారిపోవచ్చు. రెండోసారి, విన్నది తిరిగి చెప్పించుకుంటూ ఆడండి. తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత ఒకరు బ్యాంకు మేనేజరుగా, ఒకరు రుణం అడిగే సభ్యురాలిగా నటించండి. ఏం బాగుందో, ఏం తగ్గిందో మిగతావారు చెప్పాలి.

లీడరు పని ఒకరి దగ్గరే ఉండిపోతే మిగిలినవారికి సాధన దొరకదు. సమావేశం నడపడం వంతులవారీగా పంచుకోండి. ఎప్పుడూ నోరు విప్పని చెల్లెమ్మకు వచ్చేసారి వంతు ఇచ్చి, అనుభవమున్న అక్కను పక్కన కూర్చోబెట్టండి.