ఓటీపీ చెప్పొద్దు, మోసపోతే దాచొద్దు

(మండల సమాఖ్య మహాజన సభలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



ప్రతి ఏడూ ఇక్కడ ఎంత పొదుపు చేశామో, ఎంత లోను కట్టామో చెప్తాం. ఈసారి పోయిన డబ్బు గురించి చెప్తున్నాం. చెప్పమని ఆ సభ్యురాలే అడిగింది. పేరు మాత్రం చెప్పం.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడకు ఫోను వచ్చింది. "అమ్మా, మీ సంఘానికి సున్నా వడ్డీ డబ్బు వచ్చింది, మీ ఖాతాకు ఆధార్ లింకు కాలేదు" అన్నాడు. సంఘం పేరు చెప్పాడు, ఆధార్ చివరి అంకెలు కూడా చెప్పాడు. ఇన్ని తెలిసినవాడు బ్యాంకువాడే అనుకుంది. ఫోనుకొచ్చిన ఓటీపీ చదివి చెప్పింది. 18,000 రూపాయలు పోయాయి. గేదె కోసం తీసుకున్న లోను డబ్బు అది.

ఇంట్లో తిడతారని, మేం నవ్వుతామని ఆరు రోజులు ఎవరికీ చెప్పలేదు. కిస్తీ రోజు మీటింగులో ఏడ్చేసింది. అప్పుడు 1930కి ఫోను చేశాం. అప్పటికే వాళ్లు డబ్బు తీసేసుకున్నారు. వెంటనే చెప్పి ఉంటే, డబ్బు చేరిన ఖాతాలోనే దాన్ని ఆపించే వీలుండేది. మోసం చేసినవాడు ఎవడో మాకు తెలీదు. ఆరు రోజులు ఆవిడ నోరు నొక్కింది మాత్రం మనం ఏమంటామో అన్న భయమే.

మా తప్పులూ చూసుకున్నాం. ఎవరడిగినా పదిమంది ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు కట్ట కట్టి ఇచ్చేసేవాళ్లం. సరిగా రాని కాపీలు షాపులోనే వదిలేసేవాళ్లం. వాట్సాప్ గ్రూపులో కార్డుల ఫొటోలు పెట్టేవాళ్లం.

ఇప్పుడు తీర్మానం రాసుకున్నాం. జిరాక్సు మీద ఎందుకు ఇస్తున్నామో, ఏ తేదీనో అడ్డంగా రాసి ఇస్తాం. పాడైన కాపీ చింపేస్తాం. ఓటీపీ ఎవరికీ చెప్పం, బ్యాంకువాడినన్నా సరే. ఫోన్‌పే, గూగుల్‌పేలో మనకు డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. పిన్ను కొట్టమన్నాడంటే మన డబ్బు పోతున్నట్టే.

వేలిముద్ర సంగతి ఇంకా జాగ్రత్త. ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే ఓటీపీ లేకుండానే డబ్బు తీయవచ్చు. "వేలు పడలేదు, మళ్లీ పెట్టు" అంటే ముందు స్లిప్పు అడగాలి. ఆధార్ యాప్‌లో వేలిముద్రకు తాళం వేసుకోవచ్చు. కాకపోతే పెన్షనుకో రేషనుకో వేలు వేయాల్సినప్పుడు తాళం తీసుకోవాలి.

ఏదైనా జరిగితే మొదట 1930, తర్వాత బ్యాంకు, ఆ రోజే సంఘం. చెప్పినవాళ్లని ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఇదీ తీర్మానంలోనే ఉంది.

ఆవిడకు సంఘం పొదుపులోంచి అప్పు ఇచ్చాం, గేదెను కొంది, కిస్తీ కడుతోంది. ప్రతి మీటింగులో 1930 నంబరు అందరిచేతా చెప్పించేది ఇప్పుడు ఆవిడే. మీరూ మీ సంఘాల్లో చెప్పించండి.