రాక్షస మంత్రం ఎవరి చేతిలో పెడతారు?

(తిరుపతిలో జరిగిన దళిత విద్యార్థుల సమావేశంలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నన్ను రిజర్వేషన్ల మీద మాట్లాడమన్నారు. ఆ సంగతి నా తర్వాత మాట్లాడే అన్న నాకంటే బాగా చెప్తాడు. నేను ఒక ఆట గురించి మాట్లాడతా. నవ్వబాకండి.

పోయిన నెల మన హాస్టలు పిల్లోళ్ళు నలుగురు నా దగ్గరికొచ్చినారు. ఇంజనీరింగు చదివేవాళ్ళు. వాళ్ళొక ఆట తయారు చేస్తా ఉండారు. సెల్‌ఫోన్లో ఆడేది కాదు, టేబులు చుట్టూ కూర్చుని నోటితో ఆడేది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని ఏం చేస్తామో చెప్తారు. ఆ పని అయిందా లేదా అనేది పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ రకం ఆటలన్నిటికీ పెద్దన్న. మనోళ్ళది మాత్రం తెలుగు ఆట, మన చిత్తూరు సీమ కథ. ఇంకొకరు రాసిన నియమాల ప్రకారం ఆడేవాళ్ళు తామే నియమాలు రాస్తా ఉండారు గదా అని నాకు సంతోషమయింది.

“సార్, చెడ్డ మంత్రాల భాగం రాసినాం. తప్పులుంటే దిద్దండి” అని నోటుబుక్కు ఇచ్చినారు. రాత్రి ఇంట్లో చదివితే అన్నం సయించలేదు.

ఏముంది దాంట్లో? ఊరి చివర, శ్మశానం పక్కన గుడిసె. అందులో నల్లటి ముసల్ది జుట్టు విరబోసుకుని, చచ్చిన పశువు చర్మం మీద కూర్చుని ఉంటుంది. ముందర ఎముకలు, నిమ్మకాయలు. ఆమె చూపు పడితే పసిబిడ్డకు జ్వరం, పాడి ఆవుకు పాలు ఇంకిపోతాయి. ఆమెను చంపితే వంద పాయింట్లు. ఇది రాసిందెవరు? ఇద్దరు మాల బిడ్డలు, ఒక మాదిగ బిడ్డ, ఒక యానాది బిడ్డ.

ఊరి చివర ఎవర్ని పెట్టినారు? శ్మశానంలో గుంత తవ్వేదెవరు? చచ్చిన పశువు చర్మం తీసేదెవరు? ఆ ముసల్ది ఎవరో నాకు తెలుసు. మా పెద్దమ్మ.

నాకు ఎనిమిదేండ్లప్పుడు మా ఊళ్ళో ఒక పెద్దరైతు ఇంట్లో వారంలో రెండు ఆవులు చచ్చినాయి. లాగేసేదానికి మా పెదనాయన పోయినాడు. మూడోది చచ్చేసరికి, చర్మం కోసం మాదిగది ఏదో చేసిందని మాట పుట్టింది. మా పెద్దమ్మను చింతచెట్టుకు కట్టేసినారు. మంత్రం పలకకుండా ఉండాలని రాయితో పండ్లు రాలగొట్టినారు. ఆ తర్వాత ఇరవై ఏండ్లు బతికింది. మాది చెనక్కాయలు పండే నేల. కూలికి పోయి పొద్దంతా కాయలు వలిచేది, ఒక్క గింజ నమలలేదు. ఊళ్ళో పసరం చస్తే లాగేసేదీ మేమే, పసరాన్ని చంపినారని తన్నులు తినేదీ మేమే.

అప్పుడు కేసు లేదు, పంచాయతీ లేదు. ఈ పొద్దు చట్టమైతే ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ తెచ్చినారు. చేతబడి చేస్తారని నిందవేసి ఎస్సీ, ఎస్టీలను కొట్టినా, మనోవేదన పెట్టినా అది నేరమని అందులో రాసినారు. మీలో ఎంతమందికి తెలుసో చెయ్యెత్తండి. ఊఁ.

ఈ మూఢనమ్మకం మన పల్లెల్లోనే ఉందనేవాళ్ళకు 2021 జనవరి నాటి మదనపల్లెను గుర్తు చేస్తా. పెద్ద చదువులు చదివిన ఇంట్లోనే ఇద్దరు ఆడబిడ్డలు బలైపోయినారు. దాన్ని చూసి ఎవరూ ఒక కులాన్నంతా చేతబడి కులం అనలేదు. అనకూడదు కూడా. మనల్ని మాత్రం అంటారు.

మరుసటి రోజు పిల్లోళ్ళను కూర్చోబెట్టి మా పెద్దమ్మ సంగతి చెప్పినా. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. కడాన ఒకడు, “సార్, మేం కావాలని రాయలేదు. సినిమాల్లో అట్లే ఉంటుంది గదా” అన్నాడు. నిజమే. సినిమా కంటే ముందు ఇంకోటి ఉంది, వైకుంఠపాళి. ఏకాదశి జాగారాల్లో ఆడే పటం. పాములకు రాక్షసుల పేర్లు, నిచ్చెనలకు పుణ్యాల పేర్లు. గవ్వలేసి పైకి పోతా ఉంటే రాక్షసుడు మింగి కిందికి తోస్తాడు. ఆ ఆటలో అందరికీ పందెం వేసే వంతు వస్తుంది, రాక్షసుడికి రాదు. వాడి నోరు తెరిచి ఉంటుంది గానీ మాట ఉండదు. బలి చక్రవర్తి వైపు నుంచి కథ చెప్పేదానికి 1873లో పూలే ‘గులాంగిరి’ రాయాల్సి వచ్చింది.

అమెరికా ఆటలోనూ ఇదే జబ్బు. అందులో ఆర్క్ అని ఒక జాతి ఉంటుంది. పుట్టుకతోనే చెడ్డవాళ్ళు, ఎవరైనా చంపొచ్చు. ఇది జాత్యహంకారం గదా అని ఆడేవాళ్ళే అడగ్గా అడగ్గా, 2020లో ఆ కంపెనీ తీరు మార్చుకుంటామంది. 2024 పుస్తకంలో ‘రేస్’ అనే మాట తీసి ‘స్పీషీస్’ అని పెట్టింది. పేరు మారిస్తే చూపు మారుతుందా? మనకు హరిజనులని పేరు పెట్టినప్పుడు చూసినాం గదా! పుట్టుకతోనే దొంగలని 1871లో తెల్లదొరలు ఏకంగా చట్టమే చేసినారు. మన ఎరుకలోళ్ళ మీద ఆ ముద్ర స్వాతంత్ర్యం వచ్చినాక గానీ పోలేదు. పోలీసు స్టేషన్లలో ఇంకా పోలేదు.

అట్లని ఆటలో దయ్యాలు, మంత్రాలు వద్దని చెప్పే మనిషిని కాదు నేను. 1980లలో అమెరికాలో కొందరు మతపెద్దలు ఈ ఆట ఆడితే పిల్లలకు సైతాను పడుతుందని గొడవ చేస్తే, కంపెనీ దయ్యాల పేర్లే మార్చేసింది. మనకు ఆ భయం అక్కర్లేదు. చెడ్డ శక్తి ఉండాల్సిందే. అది ఎవరి చేతిలో ఉంది, దాని ఖరీదు ఎవరు కడతా ఉండారు అనేదే నా ప్రశ్న.

ఆ దేశపు ఆటల్లో ఒక నియమం ఉంది. రాక్షస మంత్రం వాడినవాడే చెడిపోతాడు. 1981లో వచ్చిన ‘కాల్ ఆఫ్ కతుల్హు’లో మంత్రం వేస్తే వాడి మతి కొంత పోతుంది. ఇంకొన్నింటిలో ఒళ్ళు కుళ్ళిపోతుంది. పిల్లోళ్ళు ఈ నియమాన్నే తెచ్చి పెట్టుకున్నారు. చదవడానికి న్యాయంగానే ఉంది. మన ఊళ్ళో ఎప్పుడైనా అట్ల జరిగిందా? నేనైతే చూడలేదు. మడి కట్టుకున్నాయన శుభ్రంగానే ఉంటాడు. ఆయన గొడ్డును లాగినవాడు మైల, ఆయన దొడ్డి కడిగినవాడు మైల. ఆయన మురుగు గుంతలోకి దిగి ఊపిరాడక చచ్చేవాడు మైల. 2013లో ఆ పని నిషేధిస్తూ చట్టమొచ్చినా చావులు ఆగలేదు. శక్తి ఒకడిది, కుళ్ళు ఇంకొకడి ఒంటికి. నాకు తెలిసిన రాక్షస మంత్రం ఇదొక్కటే.

“మరి మన ఆటలో రాక్షసుడెవరు సార్?” అన్నారు. మన తిరుపతిలోనే ఉండాడు గదరా అబ్బోడా! ఏటా గంగజాతర చూస్తారే. కథలో గంగమ్మ ఎవర్ని వెతికి చంపింది? పాలెగాణ్ణి. వాడికి కొమ్ముల్లేవు, కోరల్లేవు, మంత్రం రాదు. అధికారం ఉంది, ఊళ్ళో ఆడోళ్ళ మీద చెయ్యి వేసేవాడు. దాక్కున్న వాణ్ణి పట్టేదానికి ఆ తల్లి కట్టిన వేషాలు చూడండి: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. తోటి ఎవరు, మాతంగి ఎవరు? మనమే. ఇప్పుడు జాతరలో ఆ వేషాలు కట్టే హక్కు ఎవరిదనేది ఇంకో పొద్దు మాట్లాడదాం, అది పెద్ద గొడవ.

నలుగురూ కూర్చుని ఆ భాగం మళ్ళీ రాసినారు. పాలెగాడు మంత్రం వేసిన ప్రతిసారీ వాడికి బలం పెరుగుతుంది. వాడి కాగితం మీద మచ్చ పడదు. మచ్చ పల్లెలో ఉండే పాత్రల్లో ఒకరి మీద పడుతుంది. ఒకరి మీద పది మచ్చలయితే ఊరు కట్టెలు తీసుకుని వాళ్ళ ఇంటికొస్తుంది. మిగతావాళ్ళు ఆ లోపల మచ్చ ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి, సాక్ష్యం తేవాలి, భయపడే సాక్షి నోరు తెరిపించాలి. ఊరి చివరి గుడిసెలో ఇప్పుడు మంత్రసాని ఉంటుంది. ఆమెకు ఊళ్ళో ప్రతి ఇంటి రహస్యం తెలుసు.

అది చూసి మా పదో తరగతి అమ్మాయి ఒకామె, “సార్, ఆట అంటే సరదా ఉండాల గదా, ఇది ఆడితే ఏడుపొస్తుంది” అంది. ఆమె మాట తీసిపారేసేది కాదు. అందుకే జాతరలో మాదిరి పాలెగాణ్ణి బూతులు తిట్టే వంతు కూడా పెట్టినారు. బాగా తిడితే పాచిక ఇంకోసారి వేయొచ్చు. దాంతో నవ్వులు వచ్చినాయి.

పోయిన ఆదివారం ఆడి చూసినారు. పాలెగాడి పాత్ర మా యానాది పిల్లోడికి వచ్చింది. గంటన్నర ఆడినాక వాడు మధ్యలో ఆపేసి తన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు. “సార్, పన్నెండుసార్లు మంత్రం వేసినా. నాకేం పోలేదు. ఒక్కటి గూడా పోలేదు” అన్నాడు.

భోజనాలయినాక ఆ నలుగురూ బయట వరండాలో ఉంటారు. ఆడాలనుకునేవాళ్ళు పోయి కూర్చోండి. నోటుబుక్కు ఒక్కటే ఉంది, చింపబాకండి.

జై భీమ్!