పొగ ఎప్పుడొస్తోందో అడగండి



విజయవాడ ఆటోనగర్‌లో నిలబడి పొగ గురించి మాట్లాడటం సాహసమే. సైలెన్సర్ వైపు ఒక్కసారి చూసి పంపు లోపమో రింగుల లోపమో తేల్చేవాళ్లు ఈ హాల్లో ఎందరో ఉన్నారు. అయితే ఆ చూపు లారీల మీద, డీజిల్ బండ్ల మీద పదునెక్కింది. ఇప్పుడు చేతులు మారుతూ మారుతూ స్పోర్ట్స్ కార్లు కూడా మన షెడ్లదాకా వస్తున్నాయి. నీలం పొగ కనబడగానే ‘ఇంజిన్ దించాలి సార్’ అనే మాట నోటికి వచ్చేస్తుంది. ఆ కార్ల విషయంలో ఆ మాట చాలా ఖరీదైనది. చాలాసార్లు తప్పు కూడా.

అందుకే మీ ముందు ఒక్క మాట పెట్టడానికి వచ్చాను. పొగ రంగు చూడండి. దానికంటే ముందు, పొగ ఎప్పుడొస్తోందో బండి తోలేవాణ్ని కూర్చోబెట్టి అడగండి.

నలుపైతే పెట్రోలు, నీలమైతే ఆయిల్, తియ్యటి వాసనతో ఆగకుండా వచ్చే తెలుపైతే కూలెంట్ అని మనందరికీ తెలుసు. ఈ కార్లలో ఆ లెక్క తప్పుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ కొంత ఆయిల్‌ను తనలోనే కాల్చేస్తుంది. బయట పొగ ఉండదు, లోపల ఆయిల్ మట్టం మాత్రం దిగిపోతుంటుంది. ఆయిల్‌లోని ఫాస్ఫరస్ ఆ కన్వర్టర్‌ను కూడా మెల్లగా చంపేస్తుంది. అదే ఆయిల్ ఒక్కసారిగా ఎక్కువ పడితే సగం కాలి, తెల్లటి మేఘంలా లేస్తుంది. కూలెంట్ అనుకుని హెడ్ దించేస్తే పని వృథా.

వేళ అలా మోసం చేయదు. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక గుప్పు వదిలి సర్దుకుంటే ముందు వాల్వ్ సీళ్లను, గైడ్లను అనుమానించాలి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి, మలుపు తర్వాత మళ్లీ తొక్కగానే పొగ వస్తోందా? అప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ బాగా పెరిగి, గైడ్ల పక్కనుంచో ఆయిల్ రింగుల పక్కనుంచో ఆయిల్‌ను లోపలికి లాగింది. లోడు మీద గట్టిగా తొక్కినంతసేపూ వస్తుంటే రింగులు, బోరు, క్రాంక్‌కేస్ ఒత్తిడి వైపు వెళ్లాలి. ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాకుండా స్పానర్ పట్టుకోవద్దు.

పోర్షే 911 తీసుకుంటాను, ఎందుకంటే దాని పొగ నేర్పినంతగా మరే కారు పొగా నేర్పదు. 1963లో లోకానికి చూపించిన నాటి నుంచి దానిలో పడుకున్న సిలిండర్ల ఇంజినే, అటు మూడు, ఇటు మూడు. బండి ఆపాక బోరు అడుగున కాస్త ఆయిల్ నిలుస్తుంది, రింగులు దాటి లోపలికి చేరుతుంది. అందుకే స్టార్ట్ చేయగానే కొంచెం పొగ రావడం ఆ ఇంజిన్ స్వభావం. వాలుగా నిలిపితే మరికాస్త ఎక్కువ.

పాత గాలి చల్లార్పు 911లలో ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, సమతలం మీద, ఐడిల్‌లో ఆడుతుండగానే డిప్‌స్టిక్ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఆయిల్ ట్యాంకు నుంచి ఇంజిన్‌లోకి దిగి ఉండి, కడ్డీ మీద ఏమీ కనబడకపోవచ్చు. పాపం, ఆయిల్ అయిపోయిందనుకుని లీటరో రెండు లీటర్లో పోసేస్తారు. స్టార్ట్ చేశాక ఆ మిగులు బ్రీదర్ గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి పొంగి, వీధి వీధంతా పొగ. ఆ బండికి కావలసిన రిపేరు ఎక్కువైన ఆయిల్ తీసేయడమే.

1990ల చివర వచ్చిన 996 మోడల్‌తో నీటి చల్లార్పు మొదలైంది. ఆ ఇంజిన్లలో ఆయిల్ సెపరేటర్ అనే డబ్బా ఉంటుంది. క్రాంక్‌కేస్ ఆవిరిలోంచి ఆయిల్‌ను విడదీసి కిందికి పంపి, గాలిని ఇన్‌టేక్‌కు ఇస్తుంది. దానిలో రబ్బరు పొర చిరిగితే ఇన్‌టేక్ వాక్యూమ్ మొత్తం క్రాంక్‌కేస్ మీద పడి ఆయిల్‌ను తాగేస్తుంది. కారు వెనక ఏమీ కనబడనంత పొగ! యజమాని ఇంజిన్ పోయిందనుకుంటాడు. పోయింది సెపరేటర్ ఒక్కటే. కానీ అలాగే నడిపితే సిలిండర్‌లో ఆయిల్ నిండి కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదముంది కాబట్టి వెంటనే ఆపించండి.

పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు. వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయండి. బలంగా లాగి పట్టుకుంటే పొర చిరిగినట్టే. కొలిచి చూడాలంటే పాత మూతకు నిపుల్ బిగించి, నీళ్లున్న యూ ఆకారపు గొట్టం తగిలించండి. ఆరోగ్యంగా ఉంటే తేడా 5 అంగుళాల దగ్గర నిలుస్తుంది. పొర చిరిగి ఉంటే నీళ్లన్నీ ఇంజిన్‌లోకే పోతాయి, గొట్టం నొక్కిపెట్టడానికి చెయ్యి సిద్ధంగా ఉంచుకోండి.

సెపరేటర్ బాగుండి, ఒక సైలెన్సర్ గొట్టమే మసిపట్టి, ఇంజిన్ టిక్‌టిక్‌మంటుంటే అప్పుడు భయపడాలి. బోరు గీతలు పడి ఉండవచ్చు. ప్లగ్గు రంధ్రంలో కెమెరా పెట్టి, పిస్టన్ కిందికి దించి చూడండి. గీతలు చాలాసార్లు అడుగు భాగంలో దాక్కుంటాయి కాబట్టి సంప్ విప్పి కింది నుంచి కూడా చూడాల్సి రావచ్చు. ఇక్కడ మనకు అలవాటైన మందు పనికిరాదు. అది సిలికాన్ కలిసిన అల్యూమినియం బోరు, లోపల ఇనుప స్లీవ్ లేదు. బోర్ కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేసేద్దామంటే కుదరదు, కొత్త స్లీవులో ప్రత్యేక పూతో కావాలి. తెలియకపోతే ముట్టుకోకుండా తెలిసినవారి దగ్గరికి పంపండి. అది చిన్నతనం కాదు.

కంప్రెషన్ బాగుంది కాబట్టి రింగులు బాగున్నాయనే నమ్మకం కూడా వదిలేయాలి. కంప్రెషన్ పట్టేది పై రెండు రింగులు. ఆయిల్ గీకేది మూడో రింగు. 2000 ప్రాంతపు టొయోటా ఎంఆర్2 స్పైడర్‌లో పిస్టన్ మీది ఆయిల్ రంధ్రాలు చిన్నవి, కార్బన్‌తో పూడుకుపోయేవి. గేజు బాగానే చూపించేది, బండి ఆయిల్ తాగేది. బోరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచే పద్ధతి నిలువు ఇంజిన్‌లో సరే, పడుకున్న సిలిండర్‌లో పోసిన ఆయిల్ ఒక పక్కకే చేరుతుంది, నమ్మలేం. లీక్‌డౌన్ పరీక్ష మేలు. పిస్టన్‌ను కంప్రెషన్ చివర పైకి తెచ్చి గాలి ఎక్కించి చెవి పెట్టండి. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్.

టర్బో బండ్ల గురించి ఒక్కటే చెబుతాను. టర్బోకు రెండు చివరలా ఉండే సీలు రబ్బరుది కాదు, చిన్న రింగు. షాఫ్టుకు పోసిన ఆయిల్ తన బరువుతోనే సంప్‌కు జారిపోవాలి. ఆ దిగే పైపు పూడుకున్నా, క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగినా ఆయిల్ ఎగ్జాస్ట్‌లోకి తోసుకొస్తుంది. సిగ్నల్ దగ్గర కాసేపు ఆగి కదలగానే గుప్పుమనడం దీని గుర్తు. పైపు, బ్రీదర్ చూడకుండా కొత్త టర్బో వేస్తే కొత్తది కూడా పొగే వదులుతుంది.

మాజ్దా రోటరీ ఇంజిన్ వీటన్నిటికీ భిన్నం. ఆర్‌ఎక్స్-7, ఆర్‌ఎక్స్-8లలో పంపు కావాలనే కొంచెం ఆయిల్‌ను లోపలికి చిమ్ముతుంది, రోటర్ కొసల సీళ్లు అరగకుండా. మన ఆర్‌ఎక్స్ 100 బైకులో ఆయిల్ పంపు చేసిన పనే ఇది. అంటే ఆ కారు ఆయిల్ తాగకపోతేనే కంగారు పడాలి. స్టార్టింగ్‌లో మరీ దట్టంగా పొగ వస్తే రోటర్ పక్కల ఆయిల్ సీళ్ల ఓ-రింగులు వేడికి గట్టిపడ్డాయేమో చూడాలి. 1991లో లె మాన్స్ రేసు గెలిచిన మాజ్దా 787బి కూడా రోటరీయే. ఆయిల్ కాల్చే ఇంజిన్ అనగానే చెడ్డ ఇంజిన్ అనుకునేవాళ్లకు ఆ గెలుపు సంగతి చెప్పండి.

ఎంత తాగితే ఎక్కువ అన్నది కూడా కొలతతోనే తేలుతుంది. 996 యజమాని పుస్తకంలోనే వెయ్యి కిలోమీటర్లకు 1.5 లీటర్ల దాకా అనుమతి ఉంది. నా దృష్టిలో అది మరీ ఉదారమైన అంకె, అందులో సగం తాగినా నేను కెమెరా తీస్తాను. మట్టం గుర్తుదాకా నింపి, వెయ్యి కిలోమీటర్లు తిప్పించి, మళ్లీ ఎంత పట్టిందో రాసిపెట్టండి. యజమాని నోటి లెక్క మీద ఇంజిన్ విప్పవద్దు.

రిపేరు అయ్యాక కూడా తొందరపడకండి. సెపరేటర్ మార్చినా, టర్బో మార్చినా, సైలెన్సర్‌లో చేరిన ఆయిల్ కాలిపోయేదాకా పొగ వస్తూనే ఉంటుంది. బండి అప్పగించేటప్పుడే ఆ మాట చెప్పి, హైవే మీద బాగా తిప్పుకుని రమ్మనండి. తర్వాతే మంచీ చెడూ తేల్చండి.

లీక్‌డౌన్ గేజు, కెమెరా బల్ల మీద ఉన్నాయి. తమ్ముళ్లూ, ముందు మీరు దగ్గరికి రండి, బిగించి చూపిస్తాను.